ట్యాంకు కారిన కార్తీకం

ఇందులో రాసిందంతా అక్షరాలా నిజం. మామూలుగా నేను మా ఆవిడ మీద ఒట్టేసి మొదలుపెడతాను. కానీ అలా వేసిన ఒట్ల వల్లే తనకి మోకాలి నొప్పులు పట్టుకున్నాయని ఆవిడ నమ్మకం. అందుకని ఈసారి మా అత్తగారు పెట్టిన ఉసిరికాయ పచ్చడి జాడీ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. జాడీ నా ఎదురుగానే ఉంది, మూత కూడా తీసే ఉంది. ఒక్క మాట కల్పితమైనా ఆ పచ్చడి నా నోటికి చేదైపోవాలి. ఇంతకన్నా పెద్ద ఒట్టు నా దగ్గర లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పుకోవలసి వస్తోందంటే, మా స్నేహితుల్లో నాకో పేరుంది. మేముండేది డాలస్ పక్కన కాపెల్‌లో. శనివారం ఎవరింట్లోనో పదిమందిమి చేరినప్పుడు, బయట వాన పడుతోందని నేనంటే ఇద్దరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చూసొస్తారు. వాన పడుతూనే ఉంటుంది. అయినా వచ్చేవారం మళ్ళీ వెళ్ళి చూస్తారు.

సరే, ట్రైలర్ సంగతికి వస్తాను. మా ఆఫీసులో రిటైరైపోతున్న ఒక పెద్దాయన దగ్గర రెండేళ్ళ కిందట దాన్ని కొన్నాను. ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు అన్నమాట. పదహారడుగుల పొడుగు. రెండు మంచాలు, రెండు పొయ్యిలు, కుక్కర్ కడగాలంటే ఏటవాలుగా దించాల్సిన సింకు, ఒక స్నానాల గది. గది అనడం మర్యాద కోసం. మన ఇళ్ళలో దాన్ని బీరువా అంటాం. అందులోనే కమోడు, కమోడు నెత్తిన షవరు. నాలుగు బెడ్‌రూముల ఇల్లుండగా ఇంకో ఇంటిని రోడ్ల మీద ఈడ్చుకు తిరగడం దేనికని మా ఆవిడ కొన్నరోజు అడిగింది. ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

ట్రైలర్ నేల కింద ఒక తెల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది. ముప్పై గ్యాలన్లు, అంటే మన లెక్కలో నూటపది లీటర్ల పైచిలుకు. దాని అడుగున, పక్కగా, మోచెయ్యిలా వంగిన ఒక పైపు ముక్కని మరలతో బిగించి ఉంటారు. దాన్ని ఎల్బో అంటారు. బ్యాటరీతో నడిచే పంపు ఆ ఎల్బోలోంచి నీళ్ళు లాగి షవరుకీ సింకుకీ తోస్తుంది. నా బొటనవేలికన్నా కాస్త లావు, అంతే. ఈ గొడవంతా దాని గురించే.

నిరుడు సెప్టెంబర్‌లో మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. ముప్పై రెండేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. డెబ్భై దాటాయి. షుగరుంది, టైముకి తిని మాత్ర వేసుకోవాలి. మాల్‌కి తీసుకెళ్తామంటే ఏం కొంటాంలే అన్నారు. న్యూయార్క్ చూపిస్తామంటే మెట్లెక్కాలేమో అన్నారు. ఏదీ అడగరు. అలాంటిది కార్తీకం వచ్చాక ఒకరోజు బీరకాయ చెక్కు తీస్తూ, ఎవరితోనూ కాకుండా, "ఈ ఏడు వనభోజనం లేకుండానే పోతుంది కాబోలు" అన్నారు.

ఆ ఒక్క మాటకి మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళలో ట్రైలర్ తిరిగింది.

మూడు గంటల దూరంలో ఒక లేక్ ఉంది, చుట్టూ ఓక్ చెట్లు. ఆ శని, ఆదివారాలకి బుక్ చేశాను. ఆలస్యంగా చూసుకోవడం వల్ల ట్రైలర్లు నిలుపుకునే జాగాల్లో నీళ్ళ కనెక్షను, కరెంటు లేని సైటు ఒక్కటే దొరికింది. నీళ్ళు కావలసినవాళ్ళు గేటు దగ్గరున్న కొళాయిలో పట్టుకోవచ్చని రాసుంది. ఉసిరిచెట్టు కింద కదా తినాలి, ఓక్ చెట్టు పనికొస్తుందా అని మా ఆవిడ వాళ్ళమ్మని అడిగింది. చెట్టు లేకపోతే కాయైనా ఉంది కదా అని అత్తగారు ఉసిరికాయ పచ్చడి జాడీని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బండెక్కారు. ఇదే జాడీ.

బయల్దేరేముందు ఒక తప్పు చేశాం. నేను చేశానని మా ఆవిడ అంటుంది గానీ, ఇది మన జాతి మొత్తానికి చెందిన తప్పు. ట్రైలర్ అమ్మిన పెద్దాయన నాకు ఒకే ఒక్క సలహా ఇచ్చాడు. ప్రయాణంలో ట్యాంకు పావు వంతుకి మించి నింపకు, మిగతాది చేరాక పట్టుకో, నీళ్ళ బరువు మంచిది కాదు అన్నాడు. ఆయన మంచివాడే. కానీ కందిపప్పు గురించి ఆయనకేం తెలుసు. ఊరు మారితే నీళ్ళు మారతాయి, నీళ్ళు మారితే పప్పు ఉడకదు. ఎంత సేపు కుక్కర్ కూతలు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఈ సంగతి మా అత్తగారికి తెలుసు, మా ఆవిడకి తెలుసు, నాకు అనుభవం. కాబట్టి మా ఇంటి కొళాయికి గొట్టం తగిలించి, ట్యాంకు నిండి పైనుంచి పొర్లేదాకా నింపాం. అది చాలదని రెండు బాటిళ్ళు కూడా.

శనివారం సాయంత్రానికి చేరాం. గేటులోంచి లోపలికి వస్తూనే అత్తగారు ఆ కొళాయిని చూశారు. దాని పక్కనే ట్రైలర్లవాళ్ళు తమ మరుగుదొడ్డి ట్యాంకులు ఖాళీ చేసుకునే గొయ్యి ఉంది. ఒకాయన చేతికి తొడుగులు వేసుకుని ఆ పనిలోనే ఉన్నాడు. "ఇంటినుంచి తెచ్చుకోవడం ఎంత మంచిదైంది" అన్నారు ఆవిడ. పెద్దాయన సలహా పెడచెవిని పెట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను.

ఇక ట్రైలర్‌ని వెనక్కి నడిపి సైటులో పెట్టడం. స్టీరింగు కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది. పక్క సైటులో ఒక అమెరికన్ ముసలాయన కుర్చీ వేసుకుని నన్ను చూస్తూ కూచున్నాడు. నేను మొదలుపెట్టినప్పుడు ఆయన గడ్డం నున్నగా ఉంది. నేను పూర్తిచేసేసరికి తెల్లగా మొలిచింది. ఒట్టేశాను కదా, మళ్ళీ వెయ్యను.

ఆ పూట ఇంటినుంచి తెచ్చిన పులిహోర తిని పడుకున్నాం.

తెల్లారి లేచి చూస్తే ట్రైలర్ కింద నేల తడి. తడి అంటే చిన్న తడి కాదు. ట్యాంకులోంచి కారిన నీరు పల్లానికి దారి చేసుకుని సన్నటి కాలవై లేక్‌లో కలుస్తోంది. ఆ కాలవకి ఎదురెక్కి ఒక తాబేలు మా చక్రం దాకా వచ్చి, ఈ నది ఎక్కడ పుట్టిందో చూద్దామన్నట్టు మెడ చాచి నిలబడి ఉంది. దాని వెనక రెండు చిన్న చేపలు కూడా వచ్చాయి గానీ, నమ్మరని వాటి గురించి ఎక్కువ రాయడం లేదు.

లోపల మీటరు చూస్తే ట్యాంకులో పావు వంతు మిగిలింది. అప్పటికే అత్తగారు చీర, తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గది ముందు నిలబడి ఉన్నారు. కొళాయి తిప్పితే పంపు గుర్రుమంది, నీరు రాలేదు. ఎల్బో దగ్గర సందు పడటంతో అది నీళ్ళకి బదులు గాలి పీలుస్తోంది.

ఇక్కడ ఆవిడ నియమం చెప్పాలి. కార్తీకంలో స్నానం చేసి దీపం పెట్టేదాకా ఆవిడ నోట్లో కాఫీ చుక్క కూడా పోయరు. తినకపోతే మాత్ర వేసుకోరు. తినకుండా ఉంటే చేతులు వణుకుతాయి. ఇవన్నీ మా ఆవిడకి తెలుసు కాబట్టి వాళ్ళమ్మని ముందు అక్కడి ఉమ్మడి స్నానాల గదులకి తీసుకెళ్ళింది. ఐదు నిమిషాల్లో ఇద్దరూ తిరిగొచ్చారు. తలుపుల్లేవు, తెరలున్నాయట. ఆ తెరలు కూడా మోకాళ్ళ దాకానేనట. బకెట్లో పట్టుకుని మా బీరువాలో పోసుకోమందామంటే, బకెట్టు లోపలికి వెళ్తే మనిషి బయట ఉండాలి. నువ్వు లోపల నిలబడు, నేను బయటినుంచి మగ్గుతో పోస్తానని మా ఆవిడ అంది.

"నాకు ఇంకొకళ్ళు నీళ్ళు పోసే రోజు ఇంకా రాలేదే" అన్నారు అత్తగారు. కోపంగా అనలేదు. వార్త చెప్పినట్టు చెప్పి, చాప పరుచుకుని చెట్టు కింద కూచున్నారు.

టైము ఎనిమిదిన్నర. మా ఆవిడ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. మా ఆవిడ గొంతు తగ్గిస్తే భయపడాలి.

"పన్నెండింటికల్లా షవర్లో నీళ్ళు రావాలి. రాకపోతే ఇంటికెళ్ళిపోదాం. వనభోజనం లేదు, ఏం లేదు. అమ్మ మళ్ళీ ఎప్పుడు అడుగుతుందో కూడా నాకు తెలీదు."

యోగా మ్యాటు తీసుకుని ట్రైలర్ కిందికి దూరాను. ఎల్బో మొదట్లో చుక్కలు గొలుసులా పడుతున్నాయి. పానా పట్టుకున్నాను. ఇక్కడ రెండో తప్పు, ఇది కూడా మనదే. మనం పెరిగిన ఇళ్ళలో పైపులు ఇనపవి. కారితే బిగించాలి, ఇంకా కారితే ఇంకా బిగించాలి. ప్లంబరు ముక్కితేనే పని జరిగినట్టు. వాడు ముక్కకుండా లేస్తే డబ్బులిచ్చేవాళ్ళం కాదు. ఆ లెక్కన నేను కూడా ముక్కేదాకా బిగించాను. టక్‌మంది. లేక్ అవతలి ఒడ్డున ఒక వడ్రంగిపిట్ట ఆ చప్పుడుకి బదులు చెప్పింది. ఎల్బో నిలువునా చీలి, చుక్కలన్నీ కలిసి ధారై నా మొహం మీద పడింది.

వేలు అడ్డం పెట్టి మా ఆవిడని గిన్నెలు తెమ్మన్నాను. ట్రైలర్‌లో ఉన్న సామాను అంతా దిగింది. కుక్కరు, అన్నం గిన్నె, సాంబారు గిన్నె, బకెట్టు, చివరికి ఐస్‌పెట్టెలో ఐసు పారబోసి అది కూడా. అత్తగారు స్నానం కాకుండా వంటగిన్నెలు ముట్టుకోరు కాబట్టి చెట్టు కిందినుంచే నడిపించారు. ముందు పెద్దది పెట్టు, అది ముప్పాతిక నిండగానే పక్కది జరుపు, ట్యాంకులోంచి తిన్నగా గిన్నెలో పడాలి, ఆయన మొహం కడిగిన నీళ్ళు కలవకుండా చూడు అని. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రాలు పంచినట్టు జరిగింది పని. చివరి చుక్క పడ్డాక మనసులో కూడుకుని ఇరవై ఆరు లీటర్లని తేల్చారు. స్నానానికి, దీపానికి, పప్పుకి, చేతులు కడుక్కోడానికి సరిపోతాయి. పారబొయ్యకుండా ట్యాంకులో మళ్ళీ పోస్తే చాలు.

అప్పుడు పక్క సైటు ముసలాయన వచ్చాడు. చక్రాలున్న టూల్‌బాక్సు లాక్కుంటూ వచ్చాడు. ఒక సొరుగు లాగితే అందులో చిన్న టూల్‌బాక్సు, దాని సొరుగులో ఇంకోటి. మూడోదాంట్లో ఆయనకి మొదటి పెళ్ళినాటి స్క్రూడ్రైవరు దొరికింది, దాన్ని కాసేపు అలా పట్టుకుని నిలబడ్డాడు కూడా.

నేను ఎపాక్సీ ముద్ద పెట్టి పూడ్చేద్దామనుకుంటున్నానని చెప్పాను. ఆ తెల్ల ప్లాస్టిక్‌కి ఈ భూమ్మీద ఏదీ అంటుకోదు, ఎల్బో మార్చాల్సిందేనన్నాడు. ఆ తర్వాత టార్చి వేసి చూపించాడు. ట్యాంకు నడుము కిందికి జారి ఉంది. ఎల్బో వెళ్ళి ఇనప దూలానికి ఆనుకుని ఉంది. గుంత వచ్చినప్పుడల్లా నూటపది లీటర్లు ఎగిరి ఆ బొటనవేలంత ముక్క మీద కూచున్నాయన్నమాట. నిండా నింపి తెచ్చావా అని అడిగాడు. లేదు, పావు వంతేనన్నాను.

"ఫుల్" అన్నారు చెట్టు కిందినుంచి అత్తగారు ఇంగ్లీషులో. "అప్ టు ది బ్రిమ్."

ముసలాయన ఆవిడకేసి తల వంచి నమస్కారంలాంటిది పెట్టాడు. నావైపు మాత్రం చూడలేదు.

కింద ఒక చెక్క దిమ్మ, జాకీ పెట్టి ట్యాంకుని పైకెత్తి దాని బెల్టులు బిగించాం. ఆయన దగ్గర లేని వస్తువంటూ ఉంటే అది ఎల్బో. పదిహేను మైళ్ళ దూరంలో చిన్న ఊరుందని, అక్కడి హార్డ్‌వేర్ షాపు ఆదివారం పదింటికి తీస్తారని చెప్పాడు. ట్రక్కు వేసుకుని వెళ్ళి తలుపు దగ్గర కాచుకున్నాను. షాపు ఆవిడ నాలాంటివాళ్ళని చాలామందిని చూసినట్టుంది. చీలిన ముక్క చేతిలో పెట్టగానే, గట్టిగా బిగించావా అంది. ఎల్బో దొరికింది. అది కూర్చునే చోట పెట్టడానికి మందపాటి రబ్బరు వాషర్ మాత్రం ఆ సైజులో లేదు. సొరుగులన్నీ వెతికింది. తెల్ల టేపు చుట్టి చూడు, అదృష్టం బాగుంటే చాలు అంది.

నా అదృష్టం గురించి ఆవిడకి చెప్పే టైము లేదు. పదకొండుకి తిరిగొచ్చాను. అత్తగారు చెట్టుకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. ఒళ్ళో జాడీ. జాడీ మీద పెట్టిన చెయ్యి సన్నగా వణుకుతోంది. మా ఆవిడ పక్కనే కూచుని ఉంది. కొంచెం పాలైనా తాగమని అప్పటికి మూడుసార్లు అడిగిందట, అయిపోతుందిలే అని మూడుసార్లూ అన్నారట.

టేపు చుట్టి ఎల్బో బిగించాను. ఈసారి ముక్కలేదు. చేత్తో ఎంత తిరిగితే అంత, ఆపైన పానాతో అర చుట్టు. అర లీటరు పోసి చూశాం. దారం లాంటి ధార. నా ముక్కుడుకి ట్యాంకులోని మొదటి రెండు మరలు అరిగిపోయాయి. ఎల్బో మెడకీ ట్యాంకు గోడకీ మధ్య మెత్తటి, మందపాటి రబ్బరు ఉంటే తప్ప ఆగదని ముసలాయన తేల్చేశాడు. తన పెట్టెలోని వాషర్లన్నీ పెట్టి చూశాడు. కొన్ని పలచన, కొన్ని ఇరుకు.

పదకొండున్నర. మా ఆవిడ లోపల సామాను సర్దుతున్న చప్పుడు మొదలైంది.

అప్పుడు నా దృష్టి కుక్కరు పెట్టి తెచ్చిన అట్టపెట్టె మీద పడింది. మా అత్తగారు వచ్చేటప్పుడు నాలుగు కుక్కర్ గాస్కెట్లు తెచ్చారు, ఇక్కడ దొరికేవి మన కుక్కర్లకి పట్టవని. అందులో ఒకటి ఆ పెట్టెలో అదనంగా ఉంది. మంచి నల్ల రబ్బరు, చిటికెనవేలంత వెడల్పు. దాన్ని తీసుకుని కిందికి దూరి, కత్తితో ఎల్బో మెడకి సరిపడా ముక్క కోసి, గుండ్రంగా చుట్టి, రెండు కొసలూ ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి వాల్చి, పైన ఎల్బో బిగించాను. నీళ్ళు పోశాం. ధార ఆగింది. చుక్క కోసం వంద లెక్కపెట్టాను. పడలేదు.

ఆ హడావిడిలో ఇంకొకటి జరిగింది. కింద దూరడానికి విప్పి పెట్టిన నా హవాయి చెప్పుల్లో ఒకదాన్ని తాబేలు నోట కరచుకుని కాలవ వెంట లేక్‌లోకి పోయింది. ఒంటి చెప్పుతో ఏం చేస్తాం. బూట్లు తొడుక్కున్నాను.

అత్తగారు లేచి వచ్చి ట్రైలర్ మెట్టు దగ్గర నిలబడ్డారు. ఆవిడకి నా కాళ్ళు, నాకు ఆవిడ పాదాలు కనపడుతున్నాయి.

"వాషర్ దొరికిందా బాబూ?"

"దొరికిందండీ. మీ కుక్కర్ గాస్కెట్టే కోశాను."

"అతుకు దగ్గర కారదా?"

"ఏటవాలుగా కోశానండీ."

ఆ పాదాలు కాసేపు అక్కడే ఉన్నాయి. కదలలేదు. తర్వాత "సరే" అన్నారు. లోపలికి వెళ్ళి, చేతి సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ సీసాతో బయటికొచ్చారు. కాశీ నుంచి ఎవరో తెచ్చిచ్చిన గంగ. ఎక్కడికెళ్ళినా వెంట ఉంటుంది. ట్యాంకులో నీళ్ళు పోసే మూత తీయించి, ముందు ఆ గంగ కాస్త ఒంపారు. కార్తీకం కదా అని మా ఆవిడ నాకు వివరించింది. ఆ తర్వాత ఇరవై ఆరు లీటర్లూ గరాటు పెట్టి గిన్నె గిన్నెగా పోశాం. పంపు స్విచ్చి వేస్తే కాసేపు దగ్గి, గొంతు సవరించుకుని, నీరు పట్టుకుంది.

పన్నెండుకి ఎనిమిది నిమిషాలుంది.

ఆవిడ స్నానం చేస్తున్నంతసేపూ నేను కింద వెల్లకిలా పడుకుని ఎల్బోకేసి చూస్తూనే ఉన్నాను. నెత్తిన షవరు చప్పుడు, కళ్ళ ముందు పొడిగా ఎల్బో. ముసలాయన కూడా పక్కన పడుకుని చూశాడు. పెళ్ళిచూపుల్లో పిల్లని కూడా నేను అంత శ్రద్ధగా చూడలేదు.

దీపం పెట్టారు. మిగిలిన పులిహోర ఇంత తిని, మాత్ర వేసుకుని, పది నిమిషాలు కూచున్నారు. వణుకు తగ్గింది. అప్పుడు లేచి కొంగు దోపి పప్పు పెట్టారు. మూడు కూతలకి వెన్నలా ఉడికింది. మా ఇంటి నీళ్ళు మరి. ఒంటిగంటన్నరకి ఓక్ చెట్టు కింద చాప పరిచి, విస్తళ్ళ బదులు పేపరు ప్లేట్లు వేసి, పప్పు, బీరకాయ కూర, చారు, ఉసిరికాయ పచ్చడి. ముసలాయన్ని కూడా పిలిచాం. ఉసిరికాయ నోట్లో పెట్టుకుని ఆయన గింజ దాకా చప్పరించాడు. తర్వాత ఇంకోటి అడిగాడు. అత్తగారు ఆయనకి వడ్డిస్తూ, వనభోజనం అంటే నలుగురు ఉండాలి, నలుగురం అయ్యాం అన్నారు. తిన్నాక జాడీ పక్కన పెట్టుకుని అక్కడే ఒరిగి, లేక్ మీదినుంచి వచ్చే గాలికి నిద్రపోయారు. ట్రిప్పు మొత్తంలో ఆవిడ చేసింది అంతే. ఆవిడ అడిగింది కూడా అంతే.

ఆ వాషర్ ఇప్పటికీ అలాగే ఉంది. ఏడాదిలో నాలుగు ట్రిప్పులు వేశాం, చుక్క పడలేదు. ట్యాంకు పావు వంతే నింపుతున్నాం. పప్పుకి మాత్రం నీళ్ళు బాటిళ్ళలో పట్టుకెళ్తున్నాం.

మొన్న సెప్టెంబర్‌లో అత్తగారు మళ్ళీ వచ్చారు. ఇల్లు చేరగానే సూట్‌కేసు విప్పి ఎవరివి వాళ్ళకి పంచారు. కూతురికి చీరలు, కాలేజీ హాస్టల్లో ఉంటున్న మనవరాలికి అరిసెలు. ఆఖర్న నాకు ఒక కాగితం పొట్లం. అందులో రెండు జతల హవాయి చెప్పులు, నా సైజువే.

ఒక జత చాలు కదండీ, రెండెందుకు అన్నాను.

"ఒకటి కాళ్ళకి. ఒకటి ట్యాంకుకి" అన్నారు.

ఇక పచ్చడి సంగతి. ఇది రాస్తూ మధ్యాహ్నం అన్నంలో కలుపుకున్నాను. చేదుగానే తగిలింది. ఉసిరికాయకి ఆ మాత్రం చేదు ఉంటుందని సర్దిచెప్పుకోబోయాను గానీ, ప్రమాణం ప్రమాణమే. అందుకని ఒప్పుకుంటున్నాను.

ముసలాయన గడ్డం నిజం. సొరుగులో సొరుగు నిజం. వడ్రంగిపిట్ట నిజం. తాబేలు వచ్చింది, చేపలు వచ్చాయి, అవీ నిజం. కానీ తాబేలు నా చెప్పు ఎత్తుకుపోలేదు. నేను గాస్కెట్ కొయ్యలేదు. ఈ రెండే నేను కల్పించినవి. గాస్కెట్‌ని చేతిలోకి తీసుకుని చూశాను. అతుకు దగ్గర కారుతుందని అత్తగారు అడక్కముందే నాకు తెలుసు. చెయ్యి వణుకుతున్న మనిషి చెట్టు కింద ఉంది. చుట్టూ చూస్తే నా కాలి చెప్పు కనపడింది. మెత్తటి రబ్బరు, మడమ దగ్గర అరిగి సరిగ్గా కావలసినంత మందం. ముసలాయన దగ్గర కత్తి తీసుకుని మడమలోంచి బిళ్ళలా కోసి, మధ్యలో రంధ్రం చేసి, సబ్బుతో మూడుసార్లు కడిగి ఎల్బో వెనక వేశాను. ముసలాయన ఒకసారి తన బూట్లకేసి చూసుకున్నాడంతే. కార్తీక స్నానానికి, దీపం దగ్గర పెట్టే చెంబుకి, పప్పుకి వచ్చే నీళ్ళు నా చెప్పు మీదుగా వస్తాయని ఆవిడకి చెప్పగలనా. గాస్కెట్ అన్నాను. ఆ గాస్కెట్ ఇప్పటికీ ట్రక్కులో నా సీటు కింద ఉంది, చెక్కు చెదరకుండా.

రెండు జతలూ చేతిలో పట్టుకుని, ఎప్పుడు తెలిసిందని అడిగాను. ఆ రోజేనన్నారు. మెట్టు దగ్గర నిలబడినప్పుడు పక్కనే ఒక చెప్పు బోర్లా పడి ఉందట, మడమలో ఉసిరికాయంత చిల్లుతో.

"అంటే, స్నానానికి ముందే తెలుసా అత్తయ్యగారూ?"

"గంగ పోశాను కదా" అన్నారు. ఇంకో చీర మడతపెట్టారు. "అయినా బాబూ, ఆకలేసింది."